బైపాస్ అయి నెలలు గడిచినా ఛాతీ నొప్పి తగ్గలేదా? ఏది మామూలు, ఏది ప్రమాదం

గుండెకు బైపాస్ ఆపరేషన్ అయింది. దవాఖానా నుంచి ఇంటికి పంపించారు. ఈసీజీ, ఎకో బాగానే ఉన్నాయన్నారు. కానీ రెండు నెలలైనా, నాలుగు నెలలైనా ఛాతీ మధ్యలో సలుపు, ఎడమ పక్కన మంట, పక్కకు తిరిగి పడుకుంటే పోటు పోవడం లేదు. ఆపరేషన్ అయిన చాలామంది ఇళ్లలో వినిపించే మాటే ఇది.

ఇలాంటప్పుడు రెండు రకాల పొరపాట్లు జరుగుతుంటాయి. కొందరు ప్రతి చిన్న పోటునూ హార్ట్ ఎటాక్ అనుకుని రాత్రంతా భయంతో కూర్చుంటారు. ఇంకొందరు "ఆపరేషన్ అయింది కదా, నొప్పి ఉంటుందిలే" అని నిజంగా ప్రమాదకరమైన నొప్పిని కూడా ఓర్చుకుంటారు. మొదటిది మనశ్శాంతిని పోగొడుతుంది, రెండోది ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే ఏ నొప్పి ఎక్కడి నుంచి వస్తోందో పేషెంట్‌తో పాటు ఇంట్లో వాళ్లకూ తెలిసి ఉండాలి.

ఆపరేషన్‌లో ఛాతీకి ఏం జరుగుతుంది?

మామూలు బైపాస్‌లో డాక్టర్లు రొమ్ము ఎముకను పై నుంచి కింది వరకు నిలువునా కోసి, రెండు పక్కలకూ తెరిచి గుండెను చేరుకుంటారు. అలా తెరిచినప్పుడు పక్కటెముకలు, వాటి కీళ్లు, భుజాలు, వీపు కండరాలు అన్నీ సాగుతాయి. పని పూర్తయ్యాక ఎముకను స్టీలు తీగలతో కలిపి కట్టేస్తారు. ఈ తీగలు మామూలుగా జీవితాంతం లోపలే ఉంటాయి. ఎక్స్‌రేలో అవి కనిపిస్తే కంగారు పడాల్సిన పని లేదు. ఎంఆర్ఐ తీసేటప్పుడు మాత్రం ఆపరేషన్ అయిన సంగతి ముందే చెప్పాలి.

మూసుకుపోయిన రక్తనాళానికి పక్కదారి వేయడానికి వేరే చోటి నుంచి రక్తనాళం కావాలి. ఎక్కువగా ఛాతీ లోపలి గోడకు ఎడమ పక్కన ఉండే ధమనిని, కాలి నుంచి తీసిన సిరను వాడతారు. కొందరికి ముంజేతి ధమనిని కూడా తీస్తారు. ఛాతీ ధమనిని వేరు చేసేటప్పుడు దాని పక్కనే ఉన్న సన్నని నరాలు దెబ్బతినొచ్చు. చాలామందికి ఎడమ పక్కనే మంట, తిమ్మిరి ఎందుకు ఉంటాయో దీన్నిబట్టి అర్థమవుతుంది.

అంటే బైపాస్ తర్వాత ఛాతీలో నొప్పి వచ్చిందంటే అది గుండె నుంచే వచ్చిందని అర్థం కాదు. గుండె చుట్టూ ఉన్న ఎముక, నరం, కండరం కూడా గాయపడ్డాయి. అవి మానడానికి వాటి టైమ్ వాటికి కావాలి.

ఎన్నాళ్ల వరకు మామూలు?

పైన చర్మం గాయం రెండు మూడు వారాల్లో మానినట్టు కనిపిస్తుంది. కానీ లోపల ఎముక గట్టిపడటానికి 6 నుంచి 8 వారాలు, పూర్తిగా అతుక్కోవడానికి దాదాపు 3 నెలలు పడుతుంది. షుగర్ ఉన్నవారికి, పొగతాగేవారికి, బరువు ఎక్కువున్నవారికి ఇంకాస్త ఆలస్యం కావచ్చు.

3 నెలలు దాటినా తగ్గని నొప్పిని డాక్టర్లు దీర్ఘకాలిక నొప్పిగా లెక్కిస్తారు. ఇది అరుదైన సంగతేమీ కాదు. వేర్వేరు దేశాల పరిశోధనలను కలిపి చూస్తే, గుండె ఆపరేషన్ తర్వాత మొదటి ఆరు నెలల్లో సుమారు మూడో వంతు మందికి ఎంతో కొంత నొప్పి మిగిలే ఉంటుంది. ఎక్కువమందిలో అది తేలికపాటిదే, కాలం గడిచేకొద్దీ తగ్గుతుంది. కొద్దిమందికి మాత్రం నిద్ర, పని రెండూ చెడగొట్టేంతగా ఉంటుంది. అలాంటివారికి విడిగా వైద్యం అవసరం.

ఒక గుర్తు పెట్టుకోవచ్చు. నొప్పి వారం వారం కొంచెమైనా తగ్గుతూ పోతుంటే మంచి సూచన. తగ్గిన నొప్పి మళ్లీ పెరిగినా, కొత్త రకం నొప్పి మొదలైనా డాక్టర్‌కు చూపించాలి.

ఎముక నొప్పి, నరాల నొప్పి, కండరాల నొప్పి

ఎముక నొప్పి ఛాతీ మధ్యలో ఉంటుంది. దగ్గినా, తుమ్మినా, మంచం మీద నుంచి లేచినా పెరుగుతుంది. వేలితో నొక్కితే సరిగ్గా అక్కడే నొస్తుంది. చల్లటి వాతావరణంలో ఎక్కువైనట్టు కొందరికి అనిపిస్తుంది.

నరాల నొప్పి తీరు వేరు. మంట, కరెంట్ షాక్ కొట్టినట్టు చురుక్కుమనడం, చీమలు పాకినట్టు ఉండటం, చొక్కా తగిలినా భరించలేకపోవడం దీని లక్షణాలు. కొంత భాగంలో స్పర్శే తెలియదు. అలా మొద్దుబారిన చోట వేడినీళ్ల బ్యాగ్ పెట్టకూడదు. కాలినా తెలియదు.

కండరాల నొప్పి మెడ, భుజాలు, వీపు పైభాగంలో పట్టేసినట్టు ఉంటుంది. నొప్పి భయంతో చాలామంది ముందుకు వంగి, భుజాలు ముడుచుకుని కూర్చుంటారు. దాంతో ఇది ఇంకా పెరుగుతుంది. సిర తీసిన కాలిలో కూడా కొన్ని నెలల పాటు వాపు, తిమ్మిరి ఉండొచ్చు.

గుండె నొప్పి ఎలా ఉంటుంది?

గుండెకు రక్తం చాలనప్పుడు వచ్చే నొప్పి వేలితో చూపించేంత చిన్న చోట ఉండదు. ఛాతీ మీద బరువు పెట్టినట్టు, పిండేసినట్టు, బిగించి కట్టినట్టు ఉంటుంది. నడిచినా, మెట్లెక్కినా వస్తుంది, కాసేపు ఆగితే తగ్గుతుంది. ఎడమ చేయి, దవడ, మెడ, వీపుకు పాకొచ్చు. చెమటలు, ఆయాసం, వాంతి వచ్చినట్టుండటం తోడవ్వొచ్చు. ఆపరేషన్‌కు ముందు వచ్చిన నొప్పి ఎలా ఉండేదో పేషెంట్‌కు గుర్తుంటుంది. "మళ్లీ అచ్చం అలాగే ఉంది" అని వాళ్లంటే ఆ మాటను తేలిగ్గా తీసుకోవద్దు.

బైపాస్ అయ్యాక బ్లాకులు మళ్లీ రావనుకోవడం పొరపాటు. ఛాతీ ధమనితో వేసిన దారి పదేళ్ల తర్వాత కూడా నూటికి 90 మంది వరకు తెరుచుకునే ఉంటుంది. కాలి సిరతో వేసినవాటిలో మాత్రం దాదాపు పదో వంతు మొదటి ఏడాదిలోనే మూసుకుపోయే అవకాశం ఉంది. ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్రలు ఆపొద్దని డాక్టర్లు అంత గట్టిగా చెప్పేది ఇందుకే.

షుగర్ ఉన్నవారిలో ఇంకో చిక్కు ఉంది. వాళ్లకు గుండె నొప్పి నొప్పిలా తెలియకపోవచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, విపరీతమైన నీరసం, చల్లటి చెమటలు మాత్రమే కనిపించొచ్చు. చాలా ఇళ్లలో దీన్ని "గ్యాస్" అనుకుని మాత్ర ఇచ్చి పడుకోబెడతారు. ఆపరేషన్ అయిన మనిషి విషయంలో ఆ అంచనా ఇంట్లో వేయొద్దు.

ఇవి కనిపిస్తే ఆగకూడదు

వెంటనే 108కి ఫోన్ చేయాల్సినవి:

• ఛాతీలో బరువు లేదా పిండేసినట్టు నొప్పి వచ్చి, కూర్చున్నా 5 నిమిషాల్లో తగ్గకపోవడం
• నొప్పితో పాటు చెమటలు, కళ్లు తిరగడం, స్పృహ తప్పడం
• ఉన్నట్టుండి ఊపిరి ఆడకపోవడం, దగ్గితే రక్తం పడటం
• మాట తడబడటం, మూతి వంకర పోవడం, ఒక పక్క చేయి కాలు పడిపోవడం

అదే రోజు ఆపరేషన్ చేసిన డాక్టర్‌ను కలవాల్సినవి:

• దగ్గినప్పుడు, తిరిగినప్పుడు రొమ్ము ఎముక "టక్" మని కదిలినట్టు లేదా శబ్దం వచ్చినట్టు అనిపించడం
• గాయం ఎర్రబడటం, చీము లేదా నీరు కారడం, చలిజ్వరం
• గట్టిగా ఊపిరి పీలిస్తే పొడిచినట్టు నొప్పి, పడుకుంటే ఎక్కువై ముందుకు వంగితే తగ్గడం, దానికి తోడు జ్వరం
• ఒక కాలి పిక్కలో కొత్తగా నొప్పి, వాపు
• రెండు మూడు రోజుల్లోనే బరువు పెరగడం, పాదాల వాపు, వెల్లకిలా పడుకుంటే ఆయాసం

ఎముక కదలడం, చీము పట్టడం చిన్న సంగతులు కావు. లోపలి ఇన్ఫెక్షన్ కొద్దిమందికే వస్తుంది, కానీ వస్తే మళ్లీ ఆపరేషన్ దాకా వెళ్లొచ్చు. జ్వరంతో కూడిన పొడిచే నొప్పి గుండె చుట్టూ ఉండే పొర వాచినప్పుడు వస్తుంది. ఇది ఎక్కువగా ఆపరేషన్ తర్వాత మొదటి కొన్ని వారాల్లో కనిపిస్తుంది, మందులతో తగ్గుతుంది.

నాలుక కింద పెట్టుకునే మాత్ర డాక్టర్ ముందే రాసిచ్చి ఉంటే, గుండె నొప్పి వచ్చినప్పుడు కూర్చుని వాడాలి. నిలబడి వేసుకుంటే బీపీ పడిపోయి కింద పడొచ్చు. సిల్డెనాఫిల్, టాడలాఫిల్ వంటి మాత్రలు వాడేవారు దీన్ని వేసుకోకూడదు. రెండూ కలిస్తే బీపీ ప్రమాదకరంగా తగ్గుతుంది. ఈ మాత్రల సంగతి డాక్టర్ దగ్గర సిగ్గుపడి దాచొద్దు. నొప్పితో ఉన్న మనిషిని బైక్ వెనక కూర్చోబెట్టుకుని వెళ్లడం కూడా మంచిది కాదు.

నొప్పి మాత్రల్లోనే పెద్ద ప్రమాదం

మెడికల్ షాపులో "ఒళ్లు నొప్పులకు" అని అడిగితే ఎక్కువగా చేతికొచ్చేవి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, లేదా ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిపిన మాత్రలు. ఆర్‌ఎంపీ దగ్గరికి వెళితే అదే మందు ఇంజెక్షన్ రూపంలో ఇస్తారు. గుండె ఆపరేషన్ అయినవారు ఈ రకం మందులను సొంతంగా వాడకూడదు. ఇవి గుండెపోటు, పక్షవాతం ముప్పును పెంచుతాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి, ఒంట్లో నీరు చేరుస్తాయి. ఆస్పిరిన్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు. ఐబుప్రొఫెన్ అయితే ఆస్పిరిన్ పనిని కూడా అడ్డుకుంటుంది. ఒక్కోసారి డాక్టరే ఈ రకం మందు కొన్ని రోజులకు రాయొచ్చు. అది ఆయన లెక్క ప్రకారం ఇచ్చింది, మిగిలిన మాత్రలు దాచుకుని మళ్లీ వాడటానికి కాదు.

మామూలు నొప్పికి మొదట ఇచ్చేది పారాసిటమాల్. దీన్ని కూడా డాక్టర్ చెప్పిన మోతాదులోనే, కనీసం 6 గంటల తేడాతో వేసుకోవాలి. జలుబు మాత్రల్లోనూ పారాసిటమాల్ ఉంటుంది కాబట్టి రెండూ కలిపి వేసుకుంటే మోతాదు మించి లివర్ దెబ్బతింటుంది.

నరాల మంటకు పారాసిటమాల్ పెద్దగా పనిచేయదు. దానికి గాబాపెంటిన్, ప్రిగాబలిన్ వంటి మందులు ఉన్నాయి. వీటితో మగత, కాళ్ల వాపు రావొచ్చు కాబట్టి తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. హఠాత్తుగా ఆపకూడదు. ట్రమడాల్ లాంటి మందులతో మలబద్ధకం వస్తుంది. ముక్కడం ఛాతీకీ గుండెకూ మంచిది కాదు. అందుకే పీచు ఉన్న తిండి, అవసరమైతే విరేచనం సాఫీగా అయ్యే మందు డాక్టర్‌ను అడగాలి.

ఇంట్లో పనులు, నమాజు

మొదటి 3 నెలలు రొమ్ము ఎముక మీద లాగుడు పడకుండా చూసుకోవడమే అసలు వైద్యం. 3, 4 కిలోలకు మించి బరువు ఎత్తొద్దని సాధారణంగా చెబుతారు. 20 లీటర్ల నీళ్ల క్యాన్ అంటే 20 కిలోలు. నిండు గ్యాస్ సిలిండర్ దాదాపు 30 కిలోలు. నీళ్ల బిందె, బియ్యం బస్తా, ఏడుస్తున్న మనవడు, ఏదైనా సరే ఎత్తకూడదు. తలుపు బలంగా నెట్టడం, బోరింగ్ కొట్టడం, బట్టలు పిండటం కూడా ఇందులోకే వస్తాయి. స్కూటర్, బైక్ నడపడం డాక్టర్ సరే అన్నాకే.

మంచం మీద నుంచి లేచేటప్పుడు చేతులతో లాక్కుని లేవకుండా, ముందు పక్కకు తిరిగి, కాళ్లు కిందికి దించి, మెల్లగా కూర్చుని లేవాలి. దగ్గు వస్తే చిన్న దిండును ఛాతీకి గట్టిగా అదుముకోవాలి. నొప్పి భయంతో దగ్గును ఆపుకుంటే కఫం పేరుకుని న్యుమోనియా వచ్చే ప్రమాదం ఉంది. దవాఖానాలో ఇచ్చిన మూడు బంతుల ఊపిరి పరికరాన్ని పిల్లల ఆటవస్తువులా పక్కన పడేయొద్దు. రోజూ నడవాలి. ఇంట్లో పది అడుగులతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి.

నమాజు విషయం చాలామంది డాక్టర్‌ను అడగరు. సజ్దాలో ఒంటి బరువు అరచేతుల మీద పడుతుంది. లేచేటప్పుడు చేతులు నేలకు ఆనించి నెట్టాల్సి వస్తుంది. మానుతున్న ఎముకకు ఇది భారం. పైగా బీపీ మాత్రలు వాడేవారికి వంగి లేవగానే కళ్లు తిరగొచ్చు. జబ్బులో ఉన్నవారు కుర్చీలో కూర్చుని ఇషారాతో నమాజు చదువుకునే వెసులుబాటు ఉంది, దాన్ని వాడుకోవడమే మంచిది. నేల మీద సజ్దా ఎప్పుడు మొదలుపెట్టాలో చెకప్‌లో స్పష్టంగా అడగాలి. వుజూకు స్టూలు వేసుకుని కూర్చోవాలి.

చూడటానికి వచ్చేవాళ్లు ప్రేమతో గట్టిగా అలాయ్ బలాయ్ తీసుకుంటారు. ఈద్ రోజు అయితే చెప్పక్కర్లేదు. ఆ మూడు నెలలు చేతితో సలాం చాలని ఇంట్లో వాళ్లే ముందుగా చెప్పేయాలి. పేషెంట్ మొహమాటంతో చెప్పలేకపోవచ్చు.

ఆడవాళ్ల నొప్పి బయటికి రాదు

గుండె ఆపరేషన్ తర్వాత నొప్పి మగవారికంటే ఆడవారిలో ఎక్కువగా మిగిలిపోతుందని పరిశోధనలు చెబుతున్నాయి. కానీ ఇళ్లలో దాని గురించి మాట్లాడేది తక్కువ. కుట్లు ఛాతీ మధ్యలో ఉంటాయి కాబట్టి కొడుకుకో, మగ డాక్టర్‌కో చూపించడానికి అమ్మీలు, నానీలు వెనకాడతారు. చీము పట్టి వాసన వచ్చేదాకా ఎవరికీ చెప్పనివాళ్లు కూడా ఉంటారు.

రొమ్ముల బరువు కుట్లను రెండు పక్కలకూ లాగుతుంది. దానివల్ల నొప్పి పెరుగుతుంది, గాయం ఆలస్యంగా మానుతుంది. ముందు వైపు హుక్కులుండే, తీగ లేని, మెత్తని కాటన్ బ్రా పగలూ రాత్రీ వేసుకుంటే ఈ లాగుడు తగ్గుతుంది. డిశ్చార్జ్ అప్పుడే నర్సును అడిగితే సరైనది చెబుతారు. గాయం చూడటానికి లేడీ డాక్టర్ లేదా నర్సు కావాలని అడగడంలో తప్పేమీ లేదు. ఇంట్లో కూతురో కోడలో రోజూ ఒకసారి గాయాన్ని చూడాలి.

ఇంకో సంగతి పని. నాలుగు వారాలకే రొట్టెల పిండి పిసకడం, బిర్యానీ డేగ్చీ దించడం మొదలుపెడితే ఎముక ఎలా మానుతుంది? "నాకేం పర్లేదు" అని అమ్మీ అన్నా, ఆ పనులు ఇంట్లో మిగతావాళ్లు చేయాలి.

రోజాలు, హిజామా, మర్దన

ఆపరేషన్ అయిన కొత్తలో రంజాన్ వస్తే రోజా ఉండాలా వద్దా అన్నది డాక్టర్‌ను అడిగే తేల్చుకోవాలి. రోగులకు తర్వాత పూర్తిచేసుకునే అవకాశం దీన్‌లోనే ఉంది. డాక్టర్ సరేనన్నవారు కూడా మాత్రల వేళలను సహరీ, ఇఫ్తార్‌లకు సొంతంగా మార్చుకోకూడదు. మూత్రం ఎక్కువగా వచ్చే మాత్ర, షుగర్ మందు విషయంలో మరీ జాగ్రత్త. ఛాతీ నొప్పి వస్తే మాత్రం ఇఫ్తార్ దాకా ఆగాలని చూడటం ప్రాణానికి ప్రమాదం.

హిజామా గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. రక్తం పలచబడే మందులు వాడేవారికి గాట్లు పెడితే రక్తం తొందరగా ఆగదు. మానుతున్న ఛాతీ దగ్గర గాట్లు ఇన్ఫెక్షన్‌కు దారి. అందుకే డాక్టర్‌ను అడగకుండా చేయించుకోవద్దు. ఎముక నొప్పే కదా అని ఛాతీకి నూనె మర్దన చేయించడం, కట్టు కట్టించడం కూడా వద్దు. గుండె వాల్వు మార్పించుకుని వార్ఫరిన్ వాడేవారు మూలికల మందులు, చూర్ణాలు మొదలుపెట్టేముందు తప్పకుండా చెప్పాలి. కొన్ని మూలికలు ఆ మందు ప్రభావాన్ని మార్చేస్తాయి.

మూడు నెలలు దాటితే ఎవరిని కలవాలి?

మొదట ఆపరేషన్ చేసిన సర్జన్‌ను గానీ, కార్డియాలజిస్ట్‌ను గానీ కలవాలి. వాళ్లు ఈసీజీ, ఎకో, ఎక్స్‌రే, అవసరమైతే సీటీ స్కాన్, యాంజియోగ్రామ్ చేయించి గుండెలో, ఎముకలో సమస్య లేదని ముందు తేల్చుకుంటారు. అది తేలాక నరాల నొప్పికి మందులు, ఫిజియోథెరపీ, నొప్పి ఉన్న చోట మత్తు ప్యాచ్ లేదా ఇంజెక్షన్ వంటి దారులు ఉన్నాయి. స్టీలు తీగ ఒకటి గుచ్చుకుంటూ నొప్పి పుట్టిస్తుంటే చిన్న ఆపరేషన్‌తో దాన్ని తీసేయొచ్చు. పెద్ద దవాఖానాల్లో నొప్పికి ప్రత్యేక క్లినిక్‌లు ఉంటాయి. మత్తు డాక్టర్లే ఎక్కువగా వాటిని చూస్తారు.

చెకప్‌కు వెళ్లేముందు ఒక వారం పాటు నోట్‌బుక్‌లో రాసుకుంటే పది నిమిషాల ఓపీలో పని తేలికవుతుంది. నొప్పి ఎక్కడ, ఎప్పుడు వచ్చింది, ఏం చేస్తుంటే వచ్చింది, ఎంతసేపు ఉంది, దేంతో తగ్గింది, పదికి ఎన్ని మార్కులంత నొప్పి, నిద్ర పట్టిందా లేదా రాయాలి. డిశ్చార్జ్ సమ్మరీ, వాడుతున్న మాత్రల స్ట్రిప్పులన్నీ వెంట తీసుకెళ్లాలి.

ఖర్చుకు భయపడి ఫాలోఅప్ మానేసేవాళ్లు చాలామంది. ప్రభుత్వ పథకం కింద ఆపరేషన్ అయి ఉంటే తర్వాతి చెకప్‌లకు, మందులకు ఏం వర్తిస్తాయో అదే దవాఖానాలోని ఆరోగ్యమిత్ర డెస్క్‌లో అడగాలి.

బైపాస్ తర్వాత దిగులు, చిరాకు, ఏడుపు రావడం కూడా మామూలే. దిగులు నొప్పిని పెంచుతుంది, నొప్పి నిద్రను చెడగొడుతుంది, నిద్రలేమి మళ్లీ దిగులును పెంచుతుంది. రెండు వారాలకు మించి ఇలాగే ఉంటే దాన్ని కూడా డాక్టర్‌కు చెప్పాలి. దీన్ని ఈమాన్ తక్కువై వచ్చిందనో, మనసు బలహీనతనో అనొద్దు. ఇదీ ఆపరేషన్ తర్వాత వచ్చే సమస్యే, దీనికీ వైద్యం ఉంది.

(ఈ సమాచారం అవగాహన కోసం మాత్రమే. మందులు మొదలుపెట్టాలన్నా, ఆపాలన్నా మీ డాక్టర్‌నే అడగండి.)